క్లచ్ మీద కుచ్చిళ్లు

ఉద్యమం రోజుల్లో బంద్ అనగానే మా ఆయనకు ఒకటే ఆలోచన. మేముండే మన్సూరాబాద్ రోడ్లు ఖాళీగా ఉంటాయి కనుక నాకు కారు నేర్పాలి. చెప్పులైతే జారతాయని కాన్వాస్ బూట్లు కొన్నాడు. చీర కాళ్లకు అడ్డం పడుతుందని సల్వార్ కమీజ్ కూడా తెచ్చాడు.

మాది పోచంపల్లి నుంచి వచ్చిన కుటుంబం. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు. ఆ డ్రెస్ చూసి అత్తమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది.

"చీరలమ్ముకొని బతికే ఇంటి కోడలు గిది ఏసుకొని రోడ్డెక్కితే గిరాకి ఏమంటది? మీరే కట్టని చీరలు మాకెందుకనదా?"

"అయితే కారుకు గూడ చీర కడ్దమా అమ్మా?" అన్నాడు ఆయన. ఆమె తలుపు దగ్గర్నుంచి జరగలేదు.

చీరతోనే కూర్చున్నాను. గంజి పెట్టిన కుచ్చిళ్లలో కాలు చిక్కుకొని బ్రేక్ అందలేదు. కారు ఎదురింటి గేటుకు తగిలి ఆగింది. నేర్చుకోవడమూ అక్కడే ఆగింది.

మరో బంద్ రోజు పొద్దున ఆయనకు గుండెనొప్పి వచ్చింది. ఆటోలు లేవు, అంబులెన్స్ ఎంతకీ రాలేదు. కారు ఇంటి ముందే ఉంది. నడపగలిగిన మనిషిని వెతికి తెచ్చేసరికి ఆయన ప్రాణం పోయింది.

సంవత్సరీకం అయ్యాక అత్తమ్మ ఆ డ్రెస్‌ను ఇస్త్రీ చేయించి నా మంచం మీద పెట్టింది.

"నేర్చుకో బిడ్డా. ఇంట్ల ఒక్కరికన్న రావాలె."

గిరాకి ఊసెత్తలేదు.

ఎల్బీనగర్‌లో ఒక డ్రైవింగ్ స్కూలుకు ఆ బట్టలతోనే వెళ్లాను. కాలు ఎక్కడా చిక్కుకోలేదు. కొద్ది రోజుల్లోనే నడపడం వచ్చేసింది. అది అంత తేలిక కావడాన్నే నేనింకా క్షమించలేదు.