మిల్లు చీర ముక్క

పిల్ల వెంట తెచ్చుకున్న పాత చీర ముక్కను ఆ రోజు చింపింది నేనే. మగ్గానికి నూనె పెట్టాక, చేతికి అందింది కదా అని రెండు పేలికలు చేసి, ఒకదానితో జిడ్డంతా తుడిచాను.

గద్వాలలో మగ్గం పక్కన పెరిగినవాణ్ణి. ఏ బట్ట కనబడినా ముందు వేళ్లతో నలిపి చూడటం మాకు అలవాటు. అది రంగు వెలిసిన పాలిస్టర్. నా వేళ్లకు అది బట్టే కాదనిపించింది. కప్పుకోవడానికి నేను నేసిన మెత్తటి నూలు చీర అప్పటికే ఇచ్చాను, ఇక ఇదెందుకు అనుకున్నాను.

పిల్ల మాకు దత్తత రాలేదు. తల్లి దవాఖానలో ఉంది. ఆమె కోలుకునేదాకా చూసుకొమ్మని అధికారులు అప్పగించారు. అంతకుముందు వనపర్తిలో మాకు శిక్షణ ఇచ్చారు. పిల్లల్ని సాకడం కూడా ఒకరు నేర్పాలా అని నేను వెనక వరుసలో కునుకు తీశాను. పిల్ల తెచ్చుకున్న వస్తువు ఎంత పాతదైనా పారేయొద్దని అక్కడ చెప్పారట. నా భార్య ఇంటికొచ్చాక ఆ మాట చెబితే సరేనన్నాను.

ఆ వారం తన తల్లికి బాగాలేదని భార్య అయిజలోని పుట్టింటికి వెళ్లింది. పిల్ల మాట్లాడేది ఆమెతోనే. నేను రొట్టె పెడితే గడప దగ్గరికి తీసుకెళ్లి, అటు తిరిగి తినేది. నేను మగ్గం వైపు తిరిగి తినేవాణ్ణి. అంత చిన్న ఇంట్లో అంత దూరం ఉంటుందని నాకు తెలియదు.

బడి నుంచి రాగానే పేలికలు చూసింది.

"గా చీర మా అమ్మది."

"పాతగైంది బిడ్డా. దానికన్న మంచిది నేను నేసిచ్చిన గద."

"నీ చీర మా అమ్మ కట్టుకుందా?"

రెండు ముక్కలూ తీసుకుని పెరట్లో గోడకు ఆనుకుని కూర్చుంది. "మా అమ్మ కాడికి పోత. నీ ఇంట్ల ఉండ," అంది.

శిక్షణ ఇచ్చిన మేడం నంబరును భార్య ముందే గోడకు అంటించి ఉంచింది. మొదటిసారి ఫోన్ చేశాను.

"పిల్ల తెచ్చుకున్న వాళ్లమ్మ చీర ముక్క చింపిన మేడం. సబ్బు పెట్టి మంచిగ ఉతికిస్త."

"ముట్టకు అన్నా! వాళ్లమ్మ వాసన దాంట్లనే ఉంటది. చింపుడు నీ ఇష్టమే, బాగుచేసుడు కూడా నీ ఇష్టమేనా? పిల్లను అడుగు. ఏడిస్తే ఏడ్వనియ్యి, లేచి మాత్రం పోకు."

వెళ్లి కాస్త ఎడంగా నేలమీద కూర్చున్నాను.

"తప్పు నాదే బిడ్డా. నిన్ను అడగకుండ చింపిన."

అప్పుడు ఏడ్చింది. లేచి వెళ్లి మగ్గం గుంతలో కూర్చుని నేయాలనిపించింది. మగ్గం ఆడే శబ్దంలో నాకేదీ వినబడదు. ఇన్నేళ్లూ భార్య ఏడ్చినప్పుడు నేను చేసింది అదే. ఈసారి లేవలేదు. గోడ నీడ మా ఇద్దరి మీదికీ వచ్చింది.

"ఏం చెయ్యాల్నో నువ్వే చెప్పు," అన్నాను.

రెండు ముక్కలూ నా ముందు పెట్టి అంది: "కుట్టు. ఉతకొద్దు."

చీర అంచు కోసం ఉంచిన పట్టుదారం తెచ్చాను. కుడుతుంటే పాలిస్టర్ వేళ్ల కింద జారిపోతోంది.

"వంకరొచ్చింది. చీరలు నేస్తవు, సూది పట్టరాదా?"

"రాదు బిడ్డా."

పిల్ల దగ్గరికి జరిగి, రెండో కొసను బిగించి పట్టుకుంది. వంకరపోయిన కుట్లు విప్పేసి, మళ్లీ మొదటి నుంచి కుట్టాను.