సూర్యుడు పసుపంటేనే మార్కు

మా చిన్నప్పుడు... బట్ట రంగుకు సరిపోయే దారం ఎంచడం నా పని. అమీర్‌పేటలో నాన్నది చిన్న టైలర్ షాపు. బట్ట ముక్క, నాలుగు దారం రీళ్లు నా చేతిలో పెట్టి బయటికి తరిమేవాడు. "ట్యూబ్‌లైట్ కింద చూడకు బిడ్డా, ఎండల చూడు..."

ఒకరోజు బద్ధకించాను. మే నెల, బయట మెట్టు మీద కాలు పెట్టలేం. నెమలికంఠం రంగు జాకెట్టుకు లోపలే లైటు కింద దారం ఎంచి, "ఎండల్నే చూసిన నాన్నా" అని అబద్ధం చెప్పేశాను. అక్కడ రెండూ అచ్చం ఒకటే రంగు మరి...

పంజాగుట్ట ఆంటీ ఆ జాకెట్టు పట్టుకుని మెట్టు దిగింది, అక్కడే ఆగిపోయింది. ఎండలో కుట్లన్నీ నీలంగా తేలాయి. "గిదేంది మాస్టర్, సాయంత్రం పెండ్లికి ఎట్ల ఏసుకోవాలె?"

నాన్న జాకెట్టు వెనక్కి తీసుకున్నాడు. కుట్లన్నీ విప్పుతూ, "రంగు ఒక్క బట్టలనే ఉండదు బిడ్డా... మీద పడే ఎలుగుల సుత ఉంటది" అన్నాడు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ మాటే చెప్పి నా కూతురిని పెంచాను. ఇప్పుడు నాలుగో తరగతి. ఎండలో అన్ని రంగులూ ఉన్నాయని, గాలి అందులో నీలాన్ని ఎక్కువగా చెదరగొడుతుంది కాబట్టే ఆకాశం నీలమని, సూర్యుడు మనకు పసుపుగా కనిపిస్తాడని చెప్పాను. గాలి లేని అంతరిక్షంలో సూర్యుడు తెల్లగా, ఆకాశం నల్లగా ఉంటాయంటే ఎంత మురిసిపోయిందో...

పోయిన నెల పరీక్షలో సూర్యుడి రంగు అడిగితే 'తెలుపు' అని రాసింది. ఎర్ర ఇంటు కొట్టారు. స్కూలుకు పోయి అడిగాను. "జవాబుల కాగితంలో పసుపు అని ఉందండీ, నేనేం చేయను" అన్నారు టీచరు. ఒళ్లు మండిపోయింది. అరగంట వాదించి ఉత్త చేతులతో వచ్చాను.

నిన్న మళ్లీ పరీక్ష, మళ్లీ అదే ప్రశ్న. ఈసారి 'పసుపు' అని రాసి మార్కు తెచ్చుకుంది.

"నీకు తెలుసు కదరా..." అన్నాను.

"తెలుసు మమ్మీ, తెల్లగనే ఉంటడు. కానీ మార్కు పోతది కదా."

నేను చూడకుండా చూశానన్నందుకు ఎండ నన్ను పట్టిచ్చింది. నా కూతురు తెలిసి తప్పు రాస్తే మార్కు ఇచ్చారు. ఎవరిని తిట్టాలో తెలియడం లేదు.

నాన్న షాపు మీద ఇప్పుడు పొద్దంతా మెట్రో రైలు వంతెన నీడ... ఎండ కావాలంటే సందు చివరిదాకా నడవాలి. ఆదివారం నా కూతురి చేతిలో దారం రీళ్లు పెట్టి అక్కడికి తీసుకుపోతున్నాను.

మీ పిల్లలు సూర్యుడు ఏ రంగని రాస్తున్నారు? తెలియక రాస్తున్నారా... తెలిసే రాస్తున్నారా?