నేను నూనె పోశాను

కోడంబాక్కంలో సినిమా లైట్ల స్టాండ్లు బాగుచేసే ఒక షెడ్డు మూసేస్తున్నారని తెలిసి చూడ్డానికి వెళ్లాను. చూడ్డానికే. ఏమీ కొననని మా ఆయనకి ఒట్టేసి మరీ వెళ్లాను. మూడో రోజుకి ఆ షెడ్డులోని లేత్ మా ఇంటి పోర్టికోలో ఉంది, మా ఆయన స్కూటరు వీధిలో ఉంది. నా ఒట్లు ఎంత గట్టివో ఆయనకి పెళ్లయిన కొత్తలోనే తెలుసు కాబట్టి పెద్దగా ఆశ్చర్యపోలేదు.

అమ్మినాయన నన్ను పైనుంచి కిందకి చూసి, ఎవరి కోసం మేడమ్ అన్నాడు. నా కోసమే అన్నాను. సార్ రాలేదా అన్నాడు. మా సార్‌కి స్క్రూడ్రైవర్‌కి ఏ వైపు పిడి ఉంటుందో నిన్నగాక మొన్న తెలిసింది, ఆయన్ని వదిలెయ్యండి అన్నాను. కుట్టి యానై అని మేం పిలుచుకునే చిన్న లారీలో మెషిన్ ఎక్కించి పంపాడు. దింపేటప్పుడు నలుగురు మనుషులు కింద ఇనప గొట్టాలు పరిచి, దాన్ని వాటి మీద దొర్లించుకుంటూ తెచ్చి పెట్టారు. ఎదురింటావిడ బాల్కనీలో నిలబడి అంతా చూసి, ఏంటది, పిండి మిషనా అని అడిగింది. అవునన్నాను. ఇనుమును పిండి చేస్తుంది గదా, అబద్ధం కాదు.

లేత్ ఎరగని వాళ్లకి ఒక్క మాట చెప్పాలి. ఇనప కడ్డీని ఒక చివర బిగించి గిర్రున తిప్పుతూ, పదునైన టూలును దానికి ఆనించి నడిపిస్తే, పొట్టు పొట్టుగా ఇనుము రాలిపోయి మిగిలింది ఇరుసో మరోటో అవుతుంది. అంతే దాని పని. కడ్డీని తిప్పే స్పిండిల్ రెండు బుష్‌లలో, అంటే ఇత్తడి కడియాల్లాంటి వాటిలో తిరుగుతుంది. ముందొకటి, వెనకొకటి. పాత మెషిన్లలో ఒక్కో బుష్ మీద ఒక చిన్న కన్నం ఉంటుంది. పొద్దున్నే ఆ కన్నంలో నూనె పోసి గాని మెషిన్ ముట్టుకోకూడదు.

ఈ సంగతి నాకు పంతొమ్మిదో ఏటే తెలుసు. ఐటీఐలో లేత్ పని నేర్పే టర్నర్ ట్రేడులో చేరిన ఒకే ఒక్క ఆడపిల్లని నేను. అది ముగించి ఎన్నూరు రోడ్డులో లారీ విడిభాగాలు చేసే ఒక వర్క్‌షాపులో రెండున్నరేళ్లు లేత్ మీద పనిచేశాను. నాకు ఇచ్చిన మెషిన్‌ని ఇంకెవరూ ముట్టుకుంటే ఊరుకునేదాన్ని కాదు. అలాంటిది ఒక దీపావళి ముందు, ఆర్డర్ల తొందరలో, అది నా చేతి కిందే పట్టేసింది. ముందు బుష్ వేడెక్కి, స్పిండిల్‌ని కరుచుకుని, కీచుమని అరిచి ఆగిపోయింది. యజమాని వచ్చి అందరి ముందూ అడిగాడు, నూనె పోశావా అని. పోశానన్నాను. పోస్తే ఎందుకు పట్టేస్తుంది అన్నాడు. పోశాను, పోశాను అనే వాదించాను. ఆడపిల్ల చేతికి మెషిన్ ఇస్తే ఇంతే అని తమిళంలో అనేసి వెళ్లిపోయాడు. మా మేస్త్రీ తెలుగాయనే, మా వాళ్లలో దూరపు చుట్టం కూడా. ఆయన నా పక్కనే నిలబడి నేల చూశాడు. ఆ నెలాఖరుకి నేను మానేశాను. నా తరవాత ఆ షెడ్డులో ఇంకో ఆడపిల్లని పెట్టుకోలేదు.

ఆ తరవాత ఒక స్కూలు ఆఫీసులో చేరి, ఫీజు రసీదులు రాస్తూ రిటైరయ్యాను. ముప్పై ఎనిమిదేళ్లు. మొదటి పదేళ్లు, నూనె పోశాను అని ఎవరు అడిగినా అడక్కపోయినా చెప్పేదాన్ని. తరవాత చెప్పడం తగ్గింది. ఈమధ్య నాకే అనుమానం పట్టుకుంది. ఆ రోజు తొందరలో మరిచిపోయానేమో. రోజూ చేసే పని గదా, ముందు రోజు పోసింది ఆ రోజు పోసినట్టు గుర్తుండిపోయిందేమో. ఊరికే కాలక్షేపానికి లేత్ కొన్నానని మా వీధి వాళ్లు అనుకోవచ్చు. నాకు కావలసింది వేరు. మెషిన్ నా చేతిలో చల్లగా నడుస్తుందా, లేక ఆ యజమాని అన్నదే నిజమా, అది తేల్చుకోవాలి.

నాలుగు రోజులు కిరసనాయిలు గుడ్డ పట్టుకుని తోమాను. కోడంబాక్కం షెడ్డులో ఏటా ఆయుధ పూజ చేసిన మెషిన్ అది. మోటారుకీ, చక్రాలకీ, పిడులకీ, ఎక్కడ చూసినా పాత చందనం, కుంకుమ బొట్లు, వాటి మీద జిడ్డు, జిడ్డు మీద మళ్లీ బొట్లు. అన్నీ తుడిచేశాను. నా రెండు చేతుల గోళ్లూ నల్లబడ్డాయి. మా ఆయన ఆ చేత్తో పెట్టే అన్నం వద్దని మూడు రోజులు తానే వడ్డించుకున్నాడు. జిడ్డు కింద నుంచి చిన్నప్పటి స్నేహితురాలి మొహం బయటపడ్డట్టు ఒక్కో భాగం మెరుస్తూ వస్తుంటే నాకు ఆకలే వేయలేదు. బుష్‌ల మీద కన్నాలు రెండూ దొరికాయి. రెండింట్లోనూ నూనె పోశాను. ముందు కన్నం అంచుదాకా నిండి నిలబడింది. ఎంత ముచ్చటగా ఉందో. చాలదేమోనని ఇంకో చుక్క వేశాను, పొంగింది.

స్విచ్ వేశాను. కడ్డీ తిరిగింది. టూలు ఆనించగానే నా కుడిచేయి దానంతటదే పిడిని ఎంత తిప్పాలో అంతే తిప్పింది. నన్నడగలేదు. నీలం రంగు తిరిగిన పొట్టు సుడులు తిరుగుతూ చెప్పుల మీద పడింది. ఏమండీ, ఇట్లా రండి అని అరిచాను. ఆయన వచ్చి చూసి, బాగుండాది, ఇదేంది ఊదొత్తి వాసన అన్నాడు. నేనూ అప్పుడే గమనించాను. నూనె వాసన కాదు, బెల్టు కాలిన వాసన కాదు. అచ్చం పూజగది వాసన. మెషిన్ మీద చేయి పెట్టాను. ముందు బుష్ మీద చేయి నిలవలేదు, అంత వేడి. పది నిమిషాలు కూడా నడవలేదు. గబుక్కున ఆపేసి అక్కడే నిలబడిపోయాను. సరే, తేలిపోయింది, నా చేయి అలాంటిదే అనుకున్నాను.

ఆ పూట అన్నం మీద, ఆయన మీద, ఎదురింటావిడ మీద అందరి మీదా విసుక్కున్నాను. మర్నాడు మాత్రం విసుగు పోయి కుతూహలం మిగిలింది. నూనె ఈ చేత్తోనే చూసుకుంటూ పోశాను. ఈసారి అనుమానం లేదు. మరి వేడెందుకు? బెల్టు బిగువేమోనని వదులు చేశాను. వేడెక్కింది. బుష్ పైకప్పు బిగువేమోనని నట్లు పావు చుట్టు సడలించాను. వేడెక్కింది. కడ్డీ తీసేసి ఉత్తినే తిప్పాను. అప్పుడూ వేడెక్కింది, అదే ఊదొత్తి వాసన. ప్రతిసారీ ముందు బుష్ ఒక్కటే. వెనకది మంచినీళ్ల కుండలా చల్లగా ఉంది. ఒకే మెషిన్, ఒకే నూనె, ఒకే చేయి. రెండింటికీ తేడా ఏంటి? రోజూ కాఫీ గ్లాసుతో వచ్చి దాని ముందు స్టూలేసుకుని కూర్చుని చూడ్డం మొదలుపెట్టాను. మా ఆయన నన్ను చూసి, పిల్లి ఎలుక కన్నం ముందు కూర్చున్నట్టు ఉండావే అన్నాడు. ఉండనీ అన్నాను.

నాలుగో రోజు తేడా కనిపించింది. వెనక కన్నంలో పోసిన నూనె నేను కాఫీ తాగేలోపల కిందకి దిగిపోయింది. ముందు కన్నంలో రెండు రోజుల కింద పోసిన నూనె అలాగే అంచుదాకా ఉంది. అది తాగడం లేదు. నిండుగా ఉందని నేను మురిసిపోయింది అందుకా! నిండుగా ఉండడమే దాని రోగం.

చీరకి పెట్టుకున్న పిన్నీసు తీసి, సాగదీసి కన్నంలో గుచ్చాను. గట్టిగా తగిలింది. గోకాను. ఏదో పొడి పైకి తేలింది. గోరువెచ్చని కిరసనాయిలు పోసి నానబెట్టి, గోకి, మళ్లీ నానబెట్టి, ఒక పూటంతా అదే పని. సాయంత్రానికి శనగగింజంత ముద్ద ఒకటి ఊడి వచ్చింది. అరచేతిలో వేసుకుని చిదిమాను. పసుపు, ఎరుపు, పసుపు, ఎరుపు, పొరలు పొరలుగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే చందనం. ఏటా పూజకి పెట్టిన బొట్టు కన్నంలోకి దిగి, ఎండి, గట్టిపడి, కిందకి నూనె పోయే దారి మూసేసింది. నేను పైపైన తుడిచానే గాని లోపలున్నది అలాగే ఉండిపోయింది. వెంటనే నూనె పోశాను. చూస్తుండగానే గుటుక్కున దిగింది. స్విచ్ వేసి అరగంట నడిపాను. చేయి తియ్యకుండా బుష్ మీదే ఉంచాను. చల్లగా ఉంది.

ఎగిరి గంతేయాల్సినదాన్ని. వేయలేదు. ఎందుకంటే ఆ అరగంటా నా బొటనవేలు ఇంకేదో గుర్తుచేసుకుంటోంది. ఎన్నూరు రోడ్డు షెడ్డులో ఆయుధ పూజకి గుమ్మడికాయ కొట్టేది యజమాని, మరమరాలు పంచేది మేస్త్రీ. బొట్లు పెట్టేది నేను. షెడ్డు మొత్తానికి ఒక్కత్తే ఆడపిల్ల, ఇంకెవరు పెడతారు? చదునుగా ఉన్నచోట చందనం ఎండి రాలిపోతుందని, గుంట ఉన్నచోట చూసి బొటనవేలితో అదిమి మరీ పెట్టేదాన్ని. నా లేత్ ముందు బుష్ మీద కూడా అలాగే పెట్టాను. అక్కడున్నంతలో మూడుసార్లు. మూడోది పెట్టిన కొన్ని వారాలకే అది పట్టేసింది. నూనె పోశాను, నిజమే. ఆ నూనెకి అడ్డం పెట్టిందీ నేనే. ఇన్నేళ్లూ ఆ యజమానిని తిట్టిన తిట్లన్నీ నాకే తగిలినట్టయింది.

ఎవరితోనైనా చెప్పాలి. మా ఆయనతో చెబితే, పోనీలే అంటాడు. నాకు పోనీలే అక్కర్లేదు. మేస్త్రీకి ఫోన్ చేశాను. తిరువొత్తియూరులో కూతురి దగ్గర ఉంటాడు. ఎక్కడో పెళ్లిలో కలిసినప్పుడు నంబరు ఇచ్చాడు గాని ఒక్కసారీ చేయలేదు. గొంతు వినగానే గుర్తుపట్టి, పాపా అన్నాడు. నాకు యాభై తొమ్మిది, ఆయనకి ఇంకా పాపనే. కుశలాలు అడగనివ్వకుండా అంతా చెప్పేశాను. లేత్ కొన్నది, వేడెక్కింది, చందనం ముద్ద, ఆనాటి నా బొట్టు. తప్పు నాదేనని, ఆ రోజు మీ అందరి ముందూ ఊరికే వాదించానని, మన్నించమని చెప్పాను. అటువైపు టీవీ శబ్దం ఆగిపోయింది.

"బుష్ ఇప్పినప్పుడు నేను చూస్తిని పాపా" అన్నాడు. "కన్నంలో చందనం అడ్డం ఉండె. దాని పైన నూనె అట్నే నిలబడి ఉండె. ఆడ బొట్టు పెట్టమని చెప్పింది నేనే గదా, అదే మెషిన్‌కి నొసలు అని. చెప్తే నా పని పోతాదని భయపడితిని."

బొట్టు అక్కడ పెట్టమన్న మాట నేను మరిచిపోయాను, ఆయన మరిచిపోలేదు. ఒళ్లు భగ్గుమంది. ఎనభై ఏళ్ల మనిషి అని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు అన్నాను. నా ఒక్కదాని పనే కాదు మేస్త్రీ, నా వెనక వచ్చే ఆడపిల్లలందరికీ ఆ షెడ్డు తలుపు మూయించారు మీరు అన్నాను. నేను అలిసిపోయి ఆగాక, నెమ్మదిగా అన్నాడు.

"నువ్వు నూనె పోస్తివి. నాకు తెలుసు."

మళ్లీ చెప్పండి అన్నాను. చెప్పాడు. నాకు జాలి కలగలేదు. ఇంకోసారి చెప్పమన్నాను.