ఏటి అవతలి చదువు

విజయనగరంలో నేను పాఠాలు చెప్పే ట్యుటోరియల్ కాలేజీ మూతపడింది. ఉద్యోగం పోయింది గానీ నా కోసం వచ్చే జనం మాత్రం తగ్గలేదు. ఏ మార్కులకు ఎక్కడ సీటొస్తుందో, దరఖాస్తుకు ఏ సర్టిఫికెట్లు జతచెయ్యాలో నాకు తెలుసని పేరు పడింది. అరవయ్యో దశకం చివర్లో, పిల్లల్ని మొదటిసారి కాలేజీకి పంపుతున్న ఇళ్లవాళ్లకు ఆ మాత్రం చెప్పే మనిషి దొరకడమే కష్టం. వాళ్లు తోచినంత ఇచ్చేవారు. అదే నా బతుకుతెరువైంది. చిక్కల్లా ఏమిటంటే, సీటిచ్చేది కూడా నేనే అనుకునేవారు.

ఒక వేసవి చివర పాతపట్నం నుంచి ఒక షావుకారు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్ల పీయూసీ ఫస్టుక్లాసులో పాసైంది. డాక్టరు చదువే చదువుతానని పట్టు. మార్కులు చూసి నాకే సంబరం వేసింది. తర్వాత చదివిన చోటు చూశాను. హైస్కూలు, పీయూసీ అన్నీ పర్లాకిమిడిలోనే. వాళ్ల కొట్టు నుంచి ఏరు దాటితే ఆ ఊరే. కాకపోతే అది ఒరిస్సా.

తహసీల్దారు దగ్గర తండ్రి స్థానికుడని సర్టిఫికెట్ తీయించి, వాళ్లతో పాటు నేనూ మెడికల్ కాలేజీ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి గుమాస్తా మర్యాదస్తుడు. కాగితాలన్నీ ఓపిగ్గా చూసి, "తండ్రి మనవాడే గానీ అమ్మాయి చదువు మన రాష్ట్రంలో లేదండీ. రూలు ఒప్పుకోదు" అన్నాడు.

షావుకారు ముందుకొచ్చాడు. "ఏటి బాబూ, మేం ఓటిక్కడే ఏస్తన్నాం, పన్నిక్కడే కడతన్నాం. దగ్గరని పిల్లని ఆ బడికంపినాం గానీ, పరాయి దేశం అంపినామా?"

గుమాస్తా నావంక చూశాడు. అయినా ఉండనివ్వండని దరఖాస్తు అతని బల్ల మీద పెట్టి వచ్చాను.

ఒరిస్సా కాలేజీకి కూడా దరఖాస్తు పెట్టించాను. తండ్రి కాపురం ఆంధ్రాలో ఉంది కనక కుదరదని అక్కణ్ణుంచి జవాబొచ్చింది. ఆ ముక్క చదివి వినిపిస్తే ఆ పిల్ల అడిగింది: "అయితే మేష్టారూ, నేను ఏ ఊరిదాన్ని? ఇంకెవుల్నడగాల?"



చివరి ఆశగా, మెడికల్ కాలేజీ లిస్టు వచ్చే రోజుకు వాళ్లు మళ్లీ వచ్చారు. అందులో ఆమె పేరు లేదు. అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. అంతలోనే బొబ్బిలి దగ్గర్నుంచి ఒక రైతు పనసపండు భుజాన వేసుకుని దిగాడు. ఆమెకంటే తక్కువ మార్కులొచ్చిన వాళ్లబ్బాయికి సీటొచ్చింది. ఆ దరఖాస్తూ నేను రాసిందే. "మీ సెయ్యి మంచిది మేష్టారూ!" అంటూ పండు నా ముందు పెట్టాడు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఆ పిల్లే లేచి, "మంచి కబురు సెప్పినారు మావా" అంది. తండ్రితో బస్టాండుకు నడిచింది.  

ఆమె విజయనగరంలోనే బీయెస్సీలో చేరింది. దార్లో కనబడితే నమస్కారం పెట్టేది. నేను తలూపి పక్క సందులోకి తిరిగేవాణ్ణి.

షావుకారు నన్ను తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు సరికదా, మరుసటి ఏడు తన ఎదురింటాయన్ని కొడుకుతో సహా తీసుకొచ్చాడు. ఆ కుర్రాడిదీ పర్లాకిమిడి చదువే. ఇంజనీరింగు కావాలట.

"షావుకారు గారూ, రూలు మారలేదు. మీకు తెలియందేముంది?" అన్నాను.

"తెలుసు మేష్టారూ. అయినా తమరు ఓపాలి అడిగి సూడండి. మాకింకెవులున్నారు?"

కుర్రాడు సర్టిఫికెట్లు చాపాడు. కుదరదని నోటి దాకా వచ్చింది. వాటిని అందుకుని, లోపలికి రమ్మన్నాను.