బండి నర్సమ్మ మొగుడు

ఆయనకంటూ బజార్లో ఒక దుకాణం ఉండేది, దాని మీద బోర్డూ ఉండేది. చొక్కా కాలరు నిలబెట్టడంలో ఆయన్ని మించినవాడు లేడని తోటి టైలర్లే ఒప్పుకునేవాళ్ళు. అయినా ఆయన్ని టైలరుగారూ అని పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ఊరందరికీ ఆయన "బండి నర్సమ్మ మొగుడు".

ఆ పేరు పెళ్ళాం వల్ల వచ్చింది. ఆవిడ ఆరోగ్య కేంద్రంలో నర్సు. మంచం దిగలేనివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కట్లు కట్టడం, సూదిమందు వెయ్యడం, బాలింతల్ని చూసి రావడం ఆవిడ ఉద్యోగం. మొదట్లో నడిచింది, తర్వాత సైకిలు తొక్కింది. ఊరు నాలుగు వైపులా పాకాక, ఇక లాభం లేదని మోటారుసైకిలు కొంది. అప్పటికది కొత్తరకం బండి. దానికి కార్బురేటరు ఉండదు. ట్యాంకు లోపలే చిన్న కరెంటు పంపు కూర్చుని ఇంజనుకి పెట్రోలు అందిస్తుంది. తాళం తిప్పగానే ఆ పంపు ఒక్క క్షణం జుయ్‌మని మోగి ఊరుకుంటుంది. ఆ మోత విన్నాకే ఆవిడ స్టార్టు బటన్ నొక్కేది.

టైలరు మాత్రం బండి నేర్చుకోలేదు. ఆదివారాలు ఆవిడ నడిపితే వెనక కూర్చునేవాడు. కొన్ని సాయంత్రాలు దుకాణం కట్టేసి, మందుల సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆవిడతో రోగుల ఇళ్ళకి కూడా వెళ్ళేవాడు. ముందు పెళ్ళాం, వెనక మొగుడు! చూసినవాళ్ళు ముసిముసిగా నవ్వేవాళ్ళు. కొందరు మొహం మీదే అడిగేవాళ్ళు. ఆయనేమీ నొచ్చుకునేవాడు కాదు. "మా ఇద్దరిదీ సూది పనే. కాకపోతే నా చేతిలో సూది తప్ప ఏది పెట్టినా వణుకుతుంది, ఆవిడ చెయ్యి దేనికీ వణకదు," అనేవాడు. అన్నట్టే ఆవిడ వాన పడుతున్న మట్టిరోడ్డు మీద కూడా చెక్కుచెదరకుండా పోనిచ్చేది. వెనకాల ఆయన కళ్ళు మూసుకునేవాడు.

ఆవిడ రిటైరైంది. ఆ తర్వాత మోకాలు మొరాయించింది, ఆపరేషనయింది. కాలు ఎత్తి బండి మీదుగా వెయ్యడం ఇక కుదరదని డాక్టరు చెప్పేశాడు. ఆవిడ "సరే" అని ఊరుకుంది. టైలరు ఓ మధ్యాహ్నం కూర్చుని, మిగిలిన కర్టెను గుడ్డతో బండికి తొడుగు కుట్టాడు. హ్యాండిలు దగ్గర ఒదిగేలా మడతలు, అంచుకి లోపల తాడు పెట్టి పైపింగు, అన్నీ పెట్టి కుట్టాడు. అది చూసి ఆయన బావమరిది, అంటే నర్సమ్మ తమ్ముడు, "బావా, నా పెళ్ళికి కుట్టిన కోటు కూడా ఇంత బాగా కుదర్లేదు," అన్నాడు. అతనికి బస్టాండు దగ్గర ఆటో ఎలక్ట్రికల్ కొట్టు ఉంది.

అలా ఆ తొడుగు కింద బండి వరండాలో ఏళ్ళ తరబడి ఉండిపోయింది. ఒకరోజు ఒక ఫోటోగ్రాఫరు వచ్చాడు. తన స్టూడియోలో జంటలు కూర్చుని ఫోటో దిగడానికి పాత బండి కావాలట. నడవకపోయినా పర్వాలేదట, తుడిచి నిలబెట్టుకుంటాడట. నర్సమ్మ క్షణం కూడా ఆలోచించలేదు. తీసుకెళ్ళమంది, వరండాలో కాస్త చోటన్నా కలిసొస్తుందంది. అతను మనుషుల్ని, తోపుడుబండిని తీసుకుని వారం తిరిగేసరికి వస్తానని వెళ్ళిపోయాడు.

ఇన్నేళ్ళూ ఆ బండిని చూసి భయపడ్డ మనిషికి ఆ పూట ముద్ద దిగలేదు. ఆవిడ అడగ్గా అడగ్గా చివరికి అన్నాడు: "ఇన్నాళ్ళు మనల్ని మోసింది. దాన్ని ఎవరో మోసుకుపోతుంటే చూస్తూ నిలబడమంటావా? ఇస్తే నడిచే బండినే ఇద్దాం."

"ఎవరు నడిపిస్తారు? నేను కింద కూర్చోలేను. మీకు ప్లగ్గేదో ఫ్యూజేదో తెలీదు."

"నువ్వు కుర్చీలో కూర్చుని చెప్పు. చేతులు నావి."

ఆ మర్నాడే వరండాలో వైద్యం మొదలైంది. నర్సమ్మ కుర్చీలో కూర్చుని ఆపరేషనైన కాలు పీట మీద పెట్టుకుంది. టైలరు చాప పరుచుకుని బండి పక్కన బాసింపట్టు వేశాడు. పక్కన కత్తెర, ట్వీజరు, స్క్రూడ్రైవర్లు పొందిగ్గా పేర్చుకున్నాడు. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. బావమరిది కొత్తది తెచ్చి బిగించి వెళ్ళాడు. తాళం తిప్పితే లైటు వెలిగింది, హారను కోడిపుంజులా కూసింది. టైలరు మొహం చేటంతయింది. స్టార్టు బటన్ నొక్కితే ఇంజను గిర్రున తిరిగింది, కానీ అందుకోలేదు. మళ్ళీ నొక్కాడు. అదే వరస.

నర్సమ్మ ఆపమంది. "పంపు మోగలేదు," అంది. పంపు మోగడమంటే ఏమిటో ఆయనకి తెలియదు. అన్నేళ్ళు వెనక కూర్చున్నా ఆ జుయ్ మోత ఆయన చెవిన పడనే లేదు. ఆ క్షణంలో ఆయన ఎప్పుడూ సంచీ సర్దుకుంటూనో, ఊపిరి బిగబట్టుకునో ఉండేవాడు.

ముందు ఫ్యూజు చూడమంది. సీటు తీసి, ఫ్యూజుల డబ్బా మూత ఊడదీస్తే, లోపల ఒక ఫ్యూజుకి వెండిరంగు రేకు చుట్టి ఉంది. మాత్రల అట్టకి ఉండే రేకు! ఆయన దాన్ని ట్వీజరుతో పట్టుకుని ఆవిడకి చూపించాడు. ఆవిడ ఒక్కసారిగా పకపకా నవ్వింది. ఒకసారి జోరువానలో, కాన్పు కష్టమైన ఇంటికి వెళ్తుంటే ఫ్యూజు పోయిందట. చుట్టుపక్కల కొట్టన్నది లేదట. జ్వరం మాత్రల అట్ట చింపి రేకు చుట్టి బండి లేపిందట. తల్లీబిడ్డా దక్కారట. మర్నాడు సరైన ఫ్యూజు వేయిద్దామనుకుని మరిచిపోయిందట. ఆ వాన సాయంత్రం ఆయనకీ గుర్తుంది. తలుపు దగ్గర నిలబడి, ఇంకా రాలేదేమిటా అని వీధి చివరకి చూసిన గుర్తు. ఆవిడ తడిసి ముద్దయి వచ్చింది గానీ, రేకు సంగతి మాత్రం చెప్పలేదు.

"చెప్తే మర్నాడు మీరు నన్ను బండెక్కనిచ్చేవాళ్ళా?" అంది.

రేకు తీసి కొత్త ఫ్యూజు పెట్టాడు. పంపు మోగలేదు.

సాయంత్రం బావమరిది టెస్టు ల్యాంపు పట్టుకుని వచ్చాడు. చిన్న బల్బుకి ఒకవైపు క్లిప్పు, ఒకవైపు సూది ఉంటాయి దానికి. పెట్రోలు ట్యాంకు ఎత్తి కట్టెపుల్ల ఆనించి, క్లిప్పు బండి ఇనుముకి తగిలించి, పంపు తీగల ప్లగ్గు ఊడదీసి సూది అందులో గుచ్చాడు. బావని తాళం తిప్పమన్నాడు. బల్బు వెలిగి ఆరింది. "కరెంటు వస్తోంది. అయినా మోగలేదంటే పంపే పోయింది బావా. ఈ మోడలు పంపు ఇప్పుడు దొరకడం కల్ల. ఫోటోలవాడికి ఇచ్చెయ్యి," అని చెప్పి కొట్టుకి వెళ్ళిపోయాడు.

అంతా అయిపోయినట్టే అనిపించింది. టైలరు ప్లగ్గు తిరిగి పెట్టేసి, ట్యాంకు దించబోయాడు. నర్సమ్మ మాత్రం, ఒక్కసారి తాళం తిప్పండి, మనసొప్పడం లేదంది. ఆయన ఎడమచేత్తో ట్యాంకు కింద తీగలు నలక్కుండా పక్కకి ఒత్తిపట్టి, కుడిచేత్తో తాళం తిప్పాడు.

జుయ్.

ఆయన అటూ ఇటూ చూశాడు. ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"కదలకండి. ఎడం చేత్తో ఏం పట్టుకున్నారు?"

"ఏవో తీగలు. నల్లది ఒకటి గట్టిగా తగుల్తోంది."

"అది వదిలేసి మళ్ళీ తిప్పండి."

మోగలేదు. పట్టుకుని తిప్పితే మోగింది. వదిలితే లేదు. పట్టుకుంటే ఉంది. ఆయన ఆ నల్లతీగని వేళ్ళ మధ్య మెల్లగా జరుపుకుంటూ పోయాడు. పైపింగు లోపల తాడు తెగిన చోట గుడ్డ ఎలా మెత్తబడుతుందో, ఒకచోట తీగ అలా మెత్తగా తగిలింది. పైతొడుగు కోసి చూస్తే లోపల రాగి దారాలు పచ్చగా చిలుము పట్టి తెగిపోయాయి. ఒకటో రెండో మాత్రం వేలాడుతున్నాయి. ఆ తీగ పంపు నుంచి కరెంటు తిరిగి బ్యాటరీకి పోయే దారి. ఇన్నాళ్ళూ ఇనుముకి రాసుకుని రాసుకుని అరిగిపోయింది.

కబురు అందుకుని వచ్చిన బావమరిది తల గోక్కున్నాడు. కరెంటు వెళ్ళే దారి చూశాడే గానీ తిరిగొచ్చే దారి చూడలేదని తనే ఒప్పుకున్నాడు. "అక్క చెవీ బావ చెయ్యీ కలిస్తే ఇక నా కొట్టు మూసుకోవడమే," అంటూ తీగ అతికి, టాకా వేసి, ఇనుముకి తగలకుండా గొట్టం తొడిగాడు.

అయినా కథ అక్కడితో తేలలేదు. మర్నాడు ఇంజను ఒక్క దగ్గు దగ్గి, నాలుగు ఊపిర్లు తీసి ఆగిపోయింది. ట్యాంకు మూత తీస్తే రంగుల కొట్టులోకి వెళ్ళినట్టు వాసన. ఏళ్ళ నాటి పెట్రోలు చెడిపోయి, అడుగున జిగురులా దిగింది. దాన్ని డబ్బాలోకి వంపేసి, పంపు పైకి తీశారు. దాని కింద వేలాడే జల్లెడ గోధుమరంగు జిగురుతో మూసుకుపోయింది.

ఈ పని మాత్రం నర్సమ్మ ఇంకొకరికి వదల్లేదు. కుర్చీ బల్ల దగ్గరికి లాగించుకుంది. లోపలి గది అటక మీంచి తన పాత స్టీలు ట్రే దింపించింది. వంపు తిరిగిన ఆ ట్రేలో ఒకప్పుడు దూది, సూదులు ఉండేవి. గ్లవ్జులు తొడుక్కుని, అందులో కొంచెం కొత్త పెట్రోలు పోసి, జల్లెడని పాత పళ్ళబ్రష్షుతో కడిగింది. సందుల్లోకి బ్రష్షు వెళ్ళకపోతే సిరంజితో పెట్రోలు చిమ్మింది. పుండు కడిగేటప్పుడు ఆవిడ మొహం ఎలా ఉండేదో అలాగే ఉంది. పెదవులు బిగించి, కనుబొమలు దగ్గరకి లాగి. రోగుల ఇళ్ళల్లో టార్చి పట్టుకుని నిలబడ్డప్పుడు టైలరు ఎన్నోసార్లు చూసిన మొహమే. ఇప్పుడూ ఆయన చెయ్యి తనంతట తనే టార్చి అందుకుంది.

"పట్టపగలు టార్చెందుకండీ?" అంది ఆవిడ తలెత్తకుండానే.

"ఉండనీ," అన్నాడు.

అన్నీ బిగించి, కొత్త పెట్రోలు పోశాక తాళం తిప్పాడు. జుయ్ మోత వచ్చింది. బటన్ నొక్కాడు. బండి అందుకుంది. ముందు తడబడింది, తెల్లటి పొగ కక్కింది, తర్వాత నిలకడగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఎదురింటి వాళ్ళు బయటికొచ్చారు. బావమరిది బండెక్కి వీధి చుట్టూ ఒక చుట్టు తిప్పుకొస్తానని వెళ్ళాడు. నర్సమ్మ వరండా స్తంభం పట్టుకుని నిలబడింది. ఆ చప్పుడు మలుపు తిరగడం, వెనక వీధిలోంచి సన్నగా రావడం, మళ్ళీ దగ్గరవడం, అన్నీ కళ్ళు మూసుకుని విన్నది. బండి గుమ్మం ముందు ఆగాక కళ్ళు తుడుచుకుని, "ఇంజన్లో టాపెట్లు కొంచెం కొట్టుకుంటున్నాయి, సరిచెయ్యాలి," అంది.

అప్పుడన్నాడు టైలరు: "దీన్ని ఇవ్వొద్దు. నేను నేర్చుకుంటాను."

అక్కాతమ్ముళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బావమరిది నవ్వబోయి, అక్క మొహం చూసి ఆగిపోయాడు. ఈ వయసులో చేతులు వణక్కుండా ఉంటాయా అని ఆవిడ అడిగింది. వణికితే వణికాయి, హ్యాండిలు గట్టిగా పట్టుకుంటే ఎవరికీ తెలియదులే అన్నాడాయన.

ఫోటోగ్రాఫరు తోపుడుబండితో వచ్చి, వట్టి చేతులతో తిరిగి వెళ్ళాడు. తర్వాత పాత ఇనుము కొట్లో ఒక స్కూటరు దొరికిందట, దానితో సరిపెట్టుకున్నాడు.

పొద్దున్నే సరుకుల గోదాముల వెనక ఖాళీ స్థలంలో చదువు సాగింది. బావమరిది వెనక సీటు మీద కూర్చుని తోడుండేవాడు. నర్సమ్మ ఓ పక్కన బల్ల మీద కూర్చుని, సూదిమందుకి భయపడే పిల్లాడికి చెప్పినట్టు చెప్పేది: ఊపిరి పీల్చుకోండి, క్లచ్చు మెల్లగా వదలండి, కింద కాదు దూరంగా చూడండి. ఒకసారి ఇసుకలో పడి మోచెయ్యి దోక్కుపోతే, ఆవిడే కడిగి కట్టు కట్టింది. ఇన్నేళ్ళలో ఆయనకి అక్కర్లేకపోయింది గానీ, ఆవిడ చేతి కట్టు ఎంత హాయిగా ఉంటుందో ఊరందరికీ తెలిసిన సంగతి, ఆయనకి అప్పుడే తెలిసింది. లైసెన్సు పరీక్ష రెండోసారికి గట్టెక్కాడు.

ఆవిడని ఎక్కించుకున్న మొదటిరోజు నెమ్మదిగా, సైకిళ్ళు కూడా దాటిపోతుంటే, ఆవిడ ఒకప్పుడు తిరిగిన వీధులన్నీ తిరిగారు. ఆవిడ ఒక పక్కకి కూర్చుని, ఆయన భుజం పట్టుకుంది. కొన్ని ఇళ్ళు మేడలయ్యాయి, కొన్ని లేనే లేవు. ఒక గుమ్మంలోంచి ఎవరో ముసలావిడ "బండి నర్సమ్మేనా?" అని కేకేసింది. ఆగి మంచినీళ్ళు తాగారు. వాళ్ళబ్బాయి కాలిన చేతికి నెలంతా కట్టు కట్టింది ఈవిడేనట. మచ్చ కూడా కనిపించడం లేదట ఇప్పుడు.

తిరిగి వస్తుంటే రైలు గేటు పడింది. ఆయన ఇంజను ఆపాడు. ఆవిడ అడిగింది:

"ఇన్నేళ్ళు నా వెనక కూర్చున్నారు కదా. ఏం కనిపించేదండీ మీకు? నాకైతే మీ చొక్కా తప్ప ఏమీ కనిపించడం లేదు."

"నీ ముడి," అన్నాడు ఆయన తల తిప్పకుండా. "పొద్దున దువ్వుకునేటప్పుడు బిగుతుగా ఉండేది. సాయంత్రానికి వదులైపోయి, పిన్నులు జారిపోతుండేవి. పడిపోతాయేమోనని చూస్తూ కూర్చునేవాణ్ణి. దారి సంగతి నాకేం తెలుసు."

రైలు వెళ్ళిపోయింది. గేటు లేచింది. వెనక బస్సువాడు హారను మోగించాడు.

"పోనివ్వండి," అంది ఆవిడ, ఆయన భుజం మీద చెయ్యి సర్దుకుంటూ.