ఏడుగురికీ ఒకే జవాబు

“మేము బాగుండామని నేను చెప్పినానంటే అందరూ బాగుండినట్టే అప్పా. ఇరవైయారేండ్లు అట్లే గదా జరిగింది. ఇప్పుడు ఆయమ్మ కోసం వేరేగా యాడ చెప్తారు?”

సెబాస్టియన్ మేస్త్రి ఈ మాట నవ్వుతూ అనలేదు, బాధపడుతూనూ అనలేదు. ఈ వారం కొళాయిలో నీళ్ళు రాలేదని చెప్పే గొంతుతో అన్నాడు. బంగారు గని ఊరైన చాంపియన్ రీఫ్స్‌లో ఆయన ఇంటి ముందు, రెండు మెట్ల మీద కూర్చుని ఉన్నాం. నా ఒళ్ళో మధుర రాసిన అధ్యాయం ఉంది. అరగంటగా దాన్ని ఆయనకు తెలుగులో చదివి చెబుతున్నాను. ఇంత మంచి సంగతి మీ గురించి రాసింది చూడండి అని చూపించుకోవడానికే వచ్చాను.

మధుర బెంగళూరులో మనస్తత్వశాస్త్రం చదువుతున్న అమ్మాయి. ఆ శాస్త్రంలో ఎన్నాళ్ళనుంచో తెగని తగువు ఒకటి ఉంది. మనిషి పుట్టుకతోనే ఇట్లా వస్తాడా, బతికిన చోటు వాణ్ణి ఇట్లా తయారుచేస్తుందా అని. పాత పుస్తకాల అంగట్లో దొరికినవి చదువుకుంటూ నేనూ ఆ తగువులో అటూ ఇటూ పడుతున్నవాణ్ణే కాబట్టి, ఆమె తోడు రమ్మనగానే పోయాను. ఆమె ఎంచుకున్న దారి నాకు చాలా నచ్చింది. ఒకే కడుపున పుట్టిన అన్నదమ్ముల్లో ఒకడు గనిలో దిగినవాడు, ఒకడు ఊళ్ళో సేద్యం చేసుకుంటూ ఉండిపోయినవాడు. ఇద్దరినీ అవే ఇరవై ప్రశ్నలు అడగాలి. గని మూతపడి పన్నెండేళ్ళయింది. గనివాళ్ళ ఇళ్ళ వరుసైన ఈ ఒక్క లైనులోనే, ఒకే గ్యాంగులో పనిచేసిన ఏడుగురు దొరికారు. ఏడుగురికీ క్యాసంబళ్ళి చుట్టుపక్కల అన్నో తమ్ముడో ఉన్నాడు.

ఈ ప్రశ్నల వెనక ఇంకో పని కూడా ఉంది. ఎవరి జవాబుల్లో కష్టం ఎక్కువ కనబడితే వాళ్ళ పేర్లు జాబితాగా పోతాయి. వాళ్ళను నెలకు రెండుసార్లు ఊరికి వచ్చే మనసు డాక్టరు చూస్తాడు. జాబితా సోమవారం పోతుంది. అందులో ఈ లైను నుంచి ఒక్క పేరూ లేదు. ఆ ఏడుగురిలో దాసప్ప పేరన్నా ఉందా అని ఆయన అడిగితే, లేదని నేను చెప్పినప్పుడే మేస్త్రి ఆ మొదటి మాట అన్నాడు.

సేద్యగాళ్ళ కాగితాలు ఏడూ ఏడు రకాలుగా వచ్చాయి. దాసప్ప అన్న దొడ్డమునియప్ప అయితే టమాటా ధర పడిపోయిన రోజు ఒక జవాబు, లేచిన రోజు ఇంకో జవాబు చెప్తానన్నాడట. గనివాళ్ళ ఏడు కాగితాలు మాత్రం అచ్చు ఒకటే. పుట్టుకతో వచ్చిన తేడాలన్నిటినీ భూమి లోపలి బతుకు అరగదీసేసింది అని మధుర రాసింది. పంతొమ్మిది ప్రశ్నలకు ఏడుగురూ ‘ఎప్పుడూ లేదు’ అన్నారు. నిద్రలో ఉలిక్కిపడి లేస్తారా అనే పదకొండో ప్రశ్నకు మాత్రం ఏడుగురూ ‘అప్పుడప్పుడు’ అన్నారు. దాని మీదే రెండు పేజీలు రాసింది. లోపల బండ పగిలిన చప్పుడు ఏడు ఒళ్ళల్లో ఒకేలా మిగిలిపోయిందని.

“అది మా పిల్లి,” అన్నాడు మేస్త్రి.

నాకు అర్థం కాలేదు.

“ఆ పొద్దు తెల్లారుజామున పిల్లి గిన్నె తోసింది. ఉలిక్కిపడి లేస్తిని. నువ్వు అడిగితివి, అది జ్ఞాపకమొచ్చె. అప్పుడప్పుడు అంటిని. తక్కినోళ్ళు అదే అనిరి. వాళ్ళిండ్లలో పిల్లి యాడుండాది?”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నా నవ్వు అయిపోయేదాకా కాచుకుని ఉన్నట్టు చూశాడు, అంతే.

తప్పు నాదే. ఒక్కొక్కరినీ విడిగా, తలుపు మూసి అడగాలని మధుర మూడుసార్లు చెప్పింది. ఆ రోజు ఆమె ఊళ్ళలో అన్నదమ్ముల దగ్గర ఉంది. ఇక్కడి ఏడుగురినీ నాకు అప్పజెప్పింది. ఏప్రిల్ ఎండ. బంగారం తీసేశాక మిగిలిన మట్టి పోసిన సైనైడు దిబ్బ మీదనుంచి దుమ్ము లేస్తోంది. కొళాయి దగ్గర రేకుల నీడ ఒక్కటే ఉంది. ఏడుగురూ అక్కడే వరుసగా కూర్చున్నారు. విడిగా రమ్మంటే, మాలో మాకు దాపరికం ఏముండాదప్పా అన్నారు. సరే అని మేస్త్రిని మొదట అడిగాను. ఆయన చెప్పాడు. తరువాతివాడు ‘అదే’ అన్నాడు. ఆ తరువాతివాడూ అంతే. ఎండకు విసిగి అంటున్నారనుకున్నాను. రాసుకున్నాను. కలిసి కూర్చోబెట్టి అడిగినట్టు మధురకు చెప్పలేదు.

అది విసుగు కాదని మేస్త్రి ఇప్పుడు చెప్పాడు. షిఫ్టు అయ్యాక కేజీ అనే ఇనుప లిఫ్టులో పైకి వచ్చి దిగగానే ఫోర్‌మన్ అడిగేవాడట, అంతా సరేనా అని. జవాబు మేస్త్రిదే. తక్కినవాళ్ళు నోరు తెరవకూడదు. ఒకడికి ఒంట్లో బాగాలేదని చెబితే వాణ్ణి నేల మీది పనికి మార్చేస్తారు, వాడి చోట్లో ముక్కూముఖం తెలియని మనిషి వస్తాడు. లోపల మొద్దులు నిలబెట్టి పైకప్పు కాచే పని వీళ్ళది. పక్కవాడి చెయ్యి ఎట్లా కదులుతుందో తెలియకుంటే ప్రాణాలకే మోసం. అందుకని మేస్త్రి సరే అంటే ఏడుగురికీ సరే. ఎవరూ దాన్ని నియమం అని పెట్టలేదు. ఉండిపోయింది.

తొంభైయేడులో బండ పగిలింది. దాసప్ప నడుము దాకా కూరుకుపోయి నాలుగు గంటలు ఉన్నాడు. పైకి తెచ్చారు. ఎముక విరగలేదు. ఫోర్‌మన్ అంతా సరేనా అన్నాడు. సెబాస్టియన్ సరే సార్ అన్నాడు. పక్కన నిలబడిన దాసప్ప తలూపాడు. మరుసటి రోజు ఏడుగురూ మళ్ళీ దిగారు. ఆనాటినుంచి దాసప్ప తలుపు వేసిన గదిలో పడుకోడు. చలికాలం కూడా తలుపు తెరిచే ఉంటుంది. ఆయన భార్య గంగులమ్మ గడపకు అడ్డంగా పాత చీర కట్టి నెట్టుకొస్తోంది.

“నేను వాని చెయ్యి పట్టి తలూపించలే,” అన్నాడు మేస్త్రి. “వాడే ఊపినాడు. అయినా ఊపించింది నేనే గదా? మీ పుస్తకాల్లో దీనికేమంటారు?”

మనిషి తనంతట తాను చేస్తాడా, ఏదో ఒకటి చేయిస్తుందా అనే తగువు కూడా ఆ శాస్త్రంలో ఉందనీ, ఇంకా తేలలేదనీ చెప్పాను.

“తేలదులే,” అన్నాడు, పెద్ద ఆసక్తి లేకుండా.

గని మూసినప్పుడు ఆయనకు నలభైయైదు. మరుసటి నెలనుంచే పొద్దున రైలుకు బెంగళూరు పోయి ఒక మేడ గేటు దగ్గర కాపలా కూర్చున్నాడు. ఎనిమిదేళ్ళు. రెండో ఏడు భార్య ఎస్తరమ్మ పోయింది. మూడో రోజు డ్యూటీకి ఎక్కాడు. ఏడుపు వస్తుందేమోనని రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాడట, ఎవరికీ కనబడకుండా. మాలూరు దాటింది, రాలేదు. తిరుగు రైల్లోనూ రాలేదు. ఆ తరువాత కాచుకోవడం మానేశాడు. కూతురు జూలియాకు టేకల్ బడిలో ఉద్యోగం వచ్చిన రోజు చుట్టుపక్కల అందరికీ మిఠాయి పంచాడు. తనూ ఒకటి తిన్నాడు. తీపి అని తెలిసింది, అంతే అన్నాడు.

ఏడుపు వస్తుందా అన్నది ఏడో ప్రశ్న. ఎప్పుడూ లేదు అని ఆయన చెప్పింది నిజం. ఆ జవాబుకు కాగితంలో సున్నా పడింది. సున్నా అంటే బాగున్నవాడని లెక్క. చదువుకున్నవాళ్ళు పెట్టిన లెక్క కదా అని నేనూ నమ్మాను.

అధ్యాయం మడిచి సంచిలో పెట్టుకున్నాను.  లోపల్నుంచి పిల్లి వచ్చి ఆయన కాలికి ఆనుకుని పడుకుంది. ఆయన దాన్ని తోయలేదు, నిమరలేదు. తరువాత దాసప్ప గురించి చెప్పాడు.

పోయిన వారం వరుసగా మూడు పొద్దులు దాసప్ప ఆరింటికే టిఫిను క్యారియరు పట్టుకుని గనిలోకి దిగే పాత షాఫ్టు కంచె దగ్గరికి పోయి నిలబడ్డాడు. కంచెలో ఒకచోట మనిషి దూరేంత సందు ఉంది. మొదటి రెండు రోజులు కాపలావాడు వెనక్కి పంపాడు. మూడో రోజు గంగులమ్మ పోయి చెయ్యి పట్టుకుని తెచ్చింది. దారిలో అడిగిందట, యాడికి పోతావని. మేస్త్రి ఇంగా రాలేదు, అందుకే దిగలే అన్నాడట.

ఇది చెబుతున్నంతసేపూ మేస్త్రి ముఖంలో ఏమీ కదల్లేదు. చేతివేళ్ళు మాత్రం మెట్టు అంచును తట్టి చూస్తున్నాయి, అక్కడొకసారి, ఇక్కడొకసారి. కప్పు గట్టిగా ఉందా డొల్లగా ఉందా అని గనిలో ఇనుపకడ్డీతో తట్టి వినేవారని ఒకప్పుడు చెప్పాడు. మెట్టు గట్టిగానే పలికింది.

“నా కడుపులో ఏమన్నా అయితే బాగుండునప్పా ఇది వింటే,” అన్నాడు. “కాలే. కాకపోయినా తెలుస్తుంది గదా, ఏమి చెయ్యల్లో.”

ఏం చేయాలని అడిగాను.

“ఆయమ్మతో ఉన్నదున్నట్టు చెప్పు. ఆ ఏడు కాగితాలూ నావి, వాళ్ళవి కావు. నా కాగితం కూడా సరిగా నాది కాదు. చింపేయమను.”

ఆమె చదువే దాని మీద నిలబడి ఉందని, చింపితే మళ్ళీ మొదటికి వస్తుందని అన్నాను. కలిసి కూర్చోబెట్టిన సంగతి కూడా బయటపడుతుందని అనలేదు. ఆయనకు తెలిసినట్టే ఉంది.

“పడనీ. సోమవారంలోగా ఇంగోసారి రమ్మను. ఒక్కొక్కణ్ణి లోపలికి పిలిచి తలుపేసి అడగమను. దాసప్పను మాత్రం తలుపు తెరిచిపెట్టి అడగమను. నన్ను ఆఖర్న అడగమను, టైముంటే.” లేచి లుంగీ దులుపుకున్నాడు. “ఏ దినమనేది నాకు ముందే చెప్పి పంపు. ఆ పొద్దు తొలి బండికే నేను టేకల్ పోతాను, జూలియా దగ్గరికి. నేను లైన్లో ఉంటే వాడు ఏమీ చెప్పడు. మేస్త్రి ఊళ్ళోనే లేడని వానికి నువ్వే చెప్పు. నమ్మకపోతే మా ఇంటి తలుపుకేసిన బీగం చూపించు.”