మాలిన్ హెడ్ దగ్గర మూడు దోసిళ్ళు

మా ఆయన జానకిరామ్ ఉద్యోగం సముద్రం అడుగు చూడటం. నీళ్ళలోకి దిగి కాదు లెండి, ఆయనకు ఈత కూడా రాదు. ఐర్లండ్ ఉత్తరపు కొసన, లెటర్‌కెన్నీ ఊళ్ళో, మా ఇంటి చిన్నగదిలో కూర్చుని చూస్తాడు. సర్వే ఓడలు నీళ్ళలోకి శబ్దం పంపుతాయి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని ఈయన రంగుల పటాలుగా మారుస్తాడు. లోతు నీలం, మెరక ఎరుపు. అన్నం చల్లారిపోతోంది మొర్రో అని నేను అరుస్తుంటే, "ఈ ఒక్క గుట్ట దాటి వచ్చేస్తా నీలిమా" అంటాడు. ఆ గుట్ట ఎనభై మీటర్ల నీళ్ళ కింద ఉంటుంది!

ఆ నీలంలో అక్కడక్కడ సన్నగా, పొడుగ్గా కొన్ని పడుకుని ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో లొంగిపోయిన జర్మన్ సబ్‌మెరైన్లు. గెలిచిన దేశాలు తలా కొన్ని పంచుకుని, మిగిలిన నూటపదహారింటిని ఖాళీ చేసి, తాళ్ళతో నడిసముద్రంలోకి లాక్కెళ్ళి ముంచేశాయి. కొన్నయితే గాలివానకు తాళ్ళు తెంపుకుని దారిలోనే మునిగాయి. జానకిరామ్ వాటిని గంటల తరబడి చూస్తాడు. ఒక్కోసారి నేనూ పక్కన నిలబడతాను. చూడగా చూడగా గది గోడలు కూడా నీలంగా అయిపోయి, మేమిద్దరం ఏదో అడుగున మెల్లగా తేలుతున్నట్టు ఉంటుంది. కుక్కర్ కూత వేస్తే గానీ పైకి రాము.

వాటిలో ఒకటి మా ఇంటి శత్రువు. ఈయన తాతగారిది కాకినాడ దగ్గర కోరంగి. ఇరవై నాలుగేళ్ళ వయసులో తెల్లవాళ్ళ సరుకు ఓడలో కళాసీగా చేరాడు. అట్లాంటిక్‌లో ఆ ఓడను ముంచింది ఈ సబ్‌మెరైనే. పాత రికార్డులన్నీ తిరగేసి, నంబరుతో సహా ఈయనే పట్టుకున్నాడు.

ఓడ మునిగిందని ఊరికి ఉత్తరం వచ్చింది గానీ శవం రాలేదు. ఈయన నాయనమ్మ ఒప్పుకోలేదు. "ఆయన వస్తాడు" అని బొట్టు తీయలేదు, కర్మ చేయనివ్వలేదు. యాభై ఏళ్ళు అలాగే బతికి, పసుపూ కుంకుమతో ముత్తయిదువగా వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా మామగారు కూడా తన తండ్రికి నీళ్ళు వదలలేదు.

నిరుడు మామగారు పోయారు. ఈ ఏడు మహాలయ అమావాస్యకు పెద్దలకు నీళ్ళు వదలాల్సిన వంతు జానకిరామ్‌ది. తండ్రి, తాత, ముత్తాత, ముగ్గురినీ పేరు పెట్టి పిలవాలి. కాకినాడ నుంచి పురోహితుడు శేషయ్యగారు ఫోన్లో అడిగారు.

"తాతగారు ఉన్నట్టా, పోయినట్టా బాబూ? ఉంటే పేరు దాటేద్దాం, పోతే పిలుద్దాం. ఏదో ఒకటి చెప్పండి."

ఈయన రేపు చెప్తానన్నాడు. ఉంటే ఆయనకిప్పుడు నూట నాలుగేళ్ళు! నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

"పోయారంటే నాయనమ్మ బొట్టు నా చేత్తో తుడిచినట్టే కదా" అన్నాడు ఫోన్ పెట్టేశాక.

"ముప్పై ఏళ్ళ కిందట పోయినావిడ బొట్టు మీరెలా తుడుస్తారండీ! చోద్యం కాకపోతే."

"మాలిన్ హెడ్ వెళ్దాం. ఆ సబ్‌మెరైన్ పడుకున్న చోటికి దగ్గరి ఒడ్డు అదే. అక్కడ నిలబడితే ఏదో ఒకటి తేలుతుంది."

అమావాస్య ఆదివారం వచ్చింది. గంటకు పైగా ప్రయాణం. తెల్లటి పొగమంచు దారినీ గొర్రెలనూ మింగేసింది. సముద్రం కనిపించలేదు, ఊపిరి తీస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది. ఈయన నల్ల నువ్వులు, దర్భలు పట్టుకుని, ప్యాంటు మడుచుకుని మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాడు. పెద్దలకు నీళ్ళు దక్షిణం తిరిగి వదలాలి. సముద్రం, సబ్‌మెరైన్ ఉత్తరాన ఉన్నాయి. ఈయన ఉత్తరం వైపే చూస్తూ కొయ్యబారిపోయాడు. అరగంటయింది. కాళ్ళు నీలమెక్కాయి. నేను తిట్టాను, బతిమాలాను, మళ్ళీ తిట్టాను.

నా కేకలకు పక్క ఇంట్లోంచి ఒక ముసలావిడ వచ్చింది. పేరు మార్తా, ఎనభై ఆరేళ్ళు. ఎవరైనా మునిగిపోతున్నారేమోనని భయపడిందట. సంగతంతా చెప్పాను.

"వాటిని నేను చూశానమ్మాయ్" అంది. "ఆరేళ్ళదాన్ని. ఆ గుట్ట మీంచి. బూడిద రంగు పడవలు, ఒకదాని వెనక ఒకటి లాక్కెళ్ళారు. గాలి ఇటు తిరిగితే పేలుళ్ళు వినిపించేవి. లోపల మనుషులున్నారనుకున్నాను. ఏడాది పాటు రోజూ వాళ్ళ కోసం ప్రార్థన చేసి ఏడ్చాను. అప్పుడు మా నాన్న చెప్పాడు, అవి ఖాళీవే పిచ్చిదానా అని. ఎంత కోపం వచ్చిందో! నా ప్రార్థనలు ఎవరికీ కాకుండా పోయాయని." నీళ్ళలో ఉన్న ఈయన వంక చూసింది. "మీ తాత తీసుకున్నాడేమో. తీసుకుంటే గ్రాండ్, అంతకన్నా ఏం కావాలి."

జానకిరామ్ ముఖం రెండు చేతుల్తో కప్పుకున్నాడు.

"ఆయన కోసం మా ఇంట్లో ఒక్కళ్ళమూ ఏడవలేదు నీలిమా. ఒక్క రోజు కూడా. ఈవిడ ఏడాది ఏడ్చింది."

నాకూ కళ్ళు నిండాయి. హ్యాండ్‌బ్యాగులో కుంకుమ పొట్లం ఉంది. నీళ్ళలోకి దిగి చిటికెడు వదిలాను. "నాయనమ్మగారూ, మీ బొట్టు మీదే. ఎవరూ తీయరు" అన్నాను.

జానకిరామ్ సబ్‌మెరైన్‌కు వీపు పెట్టి, దక్షిణానికి తిరిగాడు. మొదటి దోసిలి తండ్రికి వదిలాడు. రెండోది ఎత్తి పట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నువ్వులు కొన్ని జారిపోయాయి.

"మా తాత, భైరవస్వామి" అన్నాడు.

ఆ ఇంట్లో అందరూ తాతగారిని ఆయన, నాన్న, తాత అనేవాళ్ళే. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ పేరు వినడం నాకదే మొదటిసారి.